సెల్ఫ్ లేని కారు

మా త్రినాథరావు మామయ్య తన జీవితంలో ఏ కారునీ దానంతట దాన్ని స్టార్ట్ కానివ్వలేదు. స్టార్ట్ అవ్వాలని కారుకి ఎంత ఉబలాటం ఉన్నా సరే, వెనక నుంచి నలుగురు తొయ్యాల్సిందే. తోసినవాళ్లు ఒగర్చాలి, ఒకరిద్దరు నడుం పట్టుకోవాలి, అప్పుడు మామయ్య కిటికీలోంచి తల బయటపెట్టి "చాలు చాలు, అందుకుంది" అనాలి. కాలనీలో అందరూ ఆయన కారుని తోపుడు బండి అనేవారు. ఆయన దాన్ని బిరుదులాగే స్వీకరించాడు.

సొంత కారనే కాదు. మా పిన్ని కూతురి పెళ్లిలో, పెళ్లికొడుకుని తెచ్చిన కారు పూలదండలు వేసుకుని, ఇంజన్ సన్నగా మోగుతూ నిలబడి ఉంటే, మామయ్య వెళ్లి దాన్ని ఆపించాడు. "శబ్దం తేడాగా ఉంది. ఊరేగింపు మధ్యలో ఆగితే పరువు పోతుంది, ఒకసారి తోసి చూద్దాం" అంటూ బాజాభజంత్రీల వాళ్లని పిలిచాడు. డోలు వాయించే ఆయన మెడలో డోలుతోనే తోశాడు. పాపం అలిసిపోయారంటూ మామయ్య వాళ్లందరినీ తీసుకెళ్లి మొదటి బంతిలో వియ్యాలవారి సరసన కూర్చోబెట్టాడు. వియ్యాలవారు మూతి ముడిచారు. ఈ తోపుడు పిచ్చి ఎప్పటికి తగ్గుతుందోనని మేము నవ్వుకున్నాం.

ఇక్కడ నా గురించి కూడా చెప్పుకోవాలి, లేకపోతే తప్పంతా మామయ్యదే అనుకుంటారు. అవి హైటెక్ సిటీలో కీబోర్డు మీద నాలుగు వేళ్లు ఆడించగలిగిన ప్రతివాడికీ ఉద్యోగం దొరుకుతున్న రోజులు. ఆ గాలికి నేనూ ఎగిరాను. నా హోదా టీమ్ లీడ్. టీమ్‌లో నాతో కలిపి ఇద్దరం, రెండోవాడు నా మాట వినడు. సమస్యల్ని పరిష్కరించడం నా వృత్తి. సమస్య లేనిచోట ముందు దాన్ని పుట్టించి, తర్వాత పరిష్కరించడం నా ప్రత్యేక ప్రతిభ. బస మాత్రం ఫిల్మ్‌నగర్‌లో, మామయ్య ఇంటి మేడమీద గదిలో.

మామయ్య మద్రాసులో ప్రొడక్షన్ మేనేజర్‌గా మొదలై, సినిమా పరిశ్రమతో పాటే హైదరాబాద్ వచ్చాడు. యూనిట్‌లో ఉన్న అందరికీ బళ్లు, బసలు, భోజనాలు చూడటం ఆయన పని. రిటైరయ్యాక చూడటానికి శాంత అత్తయ్యా, నేనూ మిగిలాం. మా ఇద్దరికీ కలిపి ఆయన "యూనిట్ తిన్నదా?" అని అడిగేవాడు.

పొద్దున్నే వేషాల కోసం సినిమా ఆఫీసుల చుట్టూ తిరిగే జూనియర్ ఆర్టిస్టులు మా వీధిలోంచే వెళ్లేవారు. వాళ్లలో లక్ష్మయ్య పెద్ద. రహమత్ నగర్‌లో ఉంటాడు. తెర మీద ఆయన కానిస్టేబుల్. హీరో స్టేషన్‌లోకి వచ్చినప్పుడు సెల్యూట్ కొట్టే వరసలో చివరివాడు. ఆయన వెంట వచ్చే కొమురమ్మ గుంపులో ఏడ్చే ముసలమ్మ. తెర మీద ఏ ఊరు తగలబడినా ఆవిడే ఏడవాలి. వీళ్లు గేటు దగ్గరికి రాగానే మామయ్య కారులోంచి కేకేసేవాడు.

"లక్ష్మయ్యా, సెల్ఫ్ తీసుకోవట్లేదయ్యా."

"నిన్న మంచిగనే తిరిగిండ్రు గద సార్?"

"నిన్నటి సంగతి నిన్నటిది. తలో చెయ్యి వెయ్యండి."

లక్ష్మయ్య, ఇంకో నలుగురు, వాళ్ల మధ్యలో ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు కార్డుతో నేను. కొమురమ్మ తోసేది కాదు, పక్కన నిలబడి "ఐలెస్సా" అని పాట అందుకునేది. ఫిల్మ్‌నగర్‌లో చదునైన చోటు ఉండదు కదా, మా ఇంటి ముందు రోడ్డు జారుడుబల్లే. కారు ముఖం పల్లానికి పెట్టి బ్రేకు తీస్తే చాలు, దానంతటదే జారుతూ అందుకుంటుంది. మామయ్య మాత్రం ఎప్పుడూ ఎత్తుకే పెట్టేవాడు. అది తప్పని నేను కాగితం మీద బొమ్మ గీసి, బాణం గుర్తులు వేసి వివరించాను.

"ఎత్తుకి ఎదురెళ్తేనే మనిషి ఎదుగుతాడురా చంద్రం" అన్నాడు ఆయన, బొమ్మని మడిచి చెవిలో గుబిలి తీసుకుంటూ.

కారు అందుకునేటప్పుడు ఒక నల్లటి పొగ వదిలేది. అది నేరుగా నా తెల్ల చొక్కా మీదకే ఎందుకు వచ్చేదో ఇప్పటికీ అర్థం కాలేదు. మామయ్య వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చి, "తోసినవాళ్లని టిఫిన్ పెట్టకుండా పంపితే బండికి అరిష్టం" అని ప్రకటించేవాడు. ఆ శాస్త్రం ఏ గ్రంథంలో ఉందో మాకు తెలీదు. వరండాలో అందరూ వరసగా కూర్చునేవారు, అత్తయ్య పెసరట్లు వేసేది, నా కంపెనీ బస్సు నన్ను వదిలేసి వెళ్లిపోయేది. ఈ పెసరట్ల పిండి మానేస్తే కొత్త బ్యాటరీ వస్తుందని ఒకసారి సలహా ఇచ్చాను. అత్తయ్య నా ప్లేటులో అల్లప్పచ్చడి వెయ్యడం మానేసింది.

చివరికి ఆ పాత కారు తోసినా కదలని స్థితికి వచ్చింది. మెకానిక్ పెదవి విరిచాడు. నా ప్రతిభ వెంటనే మేల్కొంది. అప్పట్లో కరెంటుతో నడిచే చిన్న కారు ఒకటి కొత్తగా వచ్చింది. రెండు తలుపులు, ముందు ఇద్దరు పెద్దలు, వెనక ఇద్దరు పిల్లలు లేదా ఒక ఆవకాయ జాడీ. అది మామయ్యకి కానుకగా ఇస్తానని అందరికీ చెప్పాను. పైకి చెప్పిన కారణం ప్రేమ, లోపలి కారణం నడుం నొప్పి.

షోరూంలో పృథ్వీరాజ్ అనే కుర్రాడు, మెడకి టై, చేతిలో తాళం, నన్ను కారులో కూర్చోబెట్టి తను పక్కన కూర్చున్నాడు. కారు స్టార్ట్ చెయ్యడమంటే నాకు తెలిసి ఒక చిన్న దెబ్బలాట. తాళం తిప్పగానే అది దగ్గుతుంది, మనం బతిమాలుకుంటాం, సీటు కింద పుట్టిన వణుకు వెన్నులోకి పాకుతుంది, పెట్రోలు వాసన ముక్కుకి తగులుతుంది, అప్పుడు మనం గెలిచామని తెలుస్తుంది. ఇక్కడ తాళం తిప్పితే టిక్కుమంది, అంతే. మళ్లీ తిప్పాను. టిక్కు. స్టీరింగ్ మీద చెయ్యి వేస్తే భోజనాల బల్ల మీద వేసినట్టుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే ఇల్లు ఎలా ఉంటుందో కారులో అలా ఉంది. నా గుటక నాకే వినిపించింది.

"ఇది పాడైనట్టుంది, ఇంకోటి చూపించు" అన్నాను.

"స్టార్ట్ అయి చానా సేపైంది సార్" అన్నాడు పృథ్వీరాజ్ మెల్లగా. "గా ఆకుపచ్చ లైటు వెలిగింది చూడండి. అదే గుర్తు."

ఆవగింజంత లైటు. నమ్మకం కుదరక కాలు కాస్త ఆనించాను. ఎదురుగా ఉన్న గాజు తలుపు నా మీదకి రావడం మొదలుపెట్టింది. కదులుతున్నది తలుపు కాదు నేనేనని తెలిసేలోపు పృథ్వీరాజ్ బ్రేకు లాగాడు. చిన్నప్పుడు సైకిలు నేర్పేటప్పుడు, వెనక పట్టుకున్నవాళ్లు ఎప్పుడో వదిలేశారని తెలిస్తే ఒక గుబులూ, ఒక గర్వమూ కలిసి వస్తాయి చూడండి, సరిగ్గా అదే కలిగింది. ఆ తన్మయత్వంలో సంతకాలు పెట్టేశాను.

కారు ఇంటికి వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గేటు బయట లక్ష్మయ్య బృందం కూడా నిలబడి చూస్తోంది.

"ఏదీ, స్టార్ట్ చెయ్యరా" అన్నాడు మామయ్య.

"చేశాను మామయ్యా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"సెల్ఫ్ కొట్టిన శబ్దమే రాలేదు?"

"దీనికి సెల్ఫ్ ఉండదు."

"అయితే ఫిల్మ్‌నగర్ మొత్తం మీద సెల్ఫ్ లేని శాల్తీ ఇదొక్కటేనన్నమాట. ఆ లోటు పూడ్చడానికి కాబోలు, తెచ్చిన దగ్గర్నుంచీ నువ్వు సెల్ఫ్ డబ్బా కొడుతూనే ఉన్నావు."

అందరూ నవ్వారు. నేను ఆ నవ్వు ఆగేదాకా ఆగి, కారు గొప్పతనం గురించి ఉపన్యాసం ఇచ్చాను. మామయ్య కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"దీన్ని ఎవరూ తొయ్యక్కర్లేదంటావు?"

"ఎవ్వరూ, ఎప్పటికీ తొయ్యక్కర్లేదు" అన్నాను ఛాతీ పొంగించి.

"మంచిగుంది సార్. ఇగ మీకు కష్టం లేదు" అన్నాడు లక్ష్మయ్య. ప్రసాదం కొబ్బరిచెక్క ఒకటి తీసుకుని అందరినీ వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. మామయ్య లోపలికి వెళ్లి పడక్కుర్చీలో కూర్చున్నాడు. పెసరట్టు ముందు పెడితే అరచేత్తో పక్కకి నెట్టాడు. కృతజ్ఞతతో ఆయనకి నోట మాట రావడం లేదని నేను అర్థం చేసుకున్నాను. నా అర్థం చేసుకునే శక్తి ఆ స్థాయిలో ఉండేది.

మర్నాడు పొద్దున్న మేడ మెట్లు దిగుతుంటే పాత కేక వినిపించింది.

"లక్ష్మయ్యా, ఇది కూడా స్టార్ట్ అవట్లేదయ్యా."

పరుగెత్తాను. మామయ్య కారులో ఉన్నాడు. డాష్‌బోర్డు మీద కొత్తగా ఒక బొజ్జ వినాయకుడు వెలిశాడు. ఆయన వీపు మాత్రం లేతాకుపచ్చగా మెరుస్తోంది. మంచి అలంకారం అనుకున్నాను.

"తాళం తిప్పారా మామయ్యా?"

"తిప్పాను. నిమ్మకు నీరెత్తినట్టుంది. తోయించాల్సిందే."

"ఎలక్ట్రిక్ కార్లు తోస్తే స్టార్ట్ కావు."

"నీకు కంప్యూటర్ల గురించి తెలుసు. బళ్ల గురించి నాకు తెలుసు."

అయిదుగురు ఆ అగ్గిపెట్టె వెనక చేరారు. వెనక భాగం చాలక ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేశారు. కొమురమ్మ పాట అందుకుంది. కారు ఏ శబ్దమూ లేకుండా ఎత్తు మీదికి మెత్తగా సాగిపోయింది. "చాలు చాలు, అందుకుంది" అని మామయ్య అరిచాడు. వరండాలో ఆకులు పడ్డాయి. ఆ రోజు మామయ్య మూడు పెసరట్లు తిన్నాడు.

ఇదే వరసగా వానాకాలమంతా జరిగింది. నేను కొన్న కారు, నేను ఉపన్యాసం ఇచ్చిన కారు, ప్రతి పొద్దునా నా కళ్ల ముందే తోయించుకుంటుంటే నా పరువు వీధిన పడింది. పక్కింటాయన "సాఫ్ట్‌వేర్ వాళ్లు కొన్నది కదా, హార్డ్‌వేర్‌లో తేడా ఉంటుంది" అన్నాడు. ఇక ఆగలేక పృథ్వీరాజ్‌కి ఫోన్ చేశాను. పొద్దున్నే అందరూ ఉన్నప్పుడు వచ్చి, అందరి ముందూ కారు తిప్పి చూపించి, ఈ కారుకి ఏ లోపమూ లేదని గట్టిగా చెప్పమన్నాను. గట్టిగా అని రెండుసార్లు చెప్పాను.

ఆ పొద్దున వంటింట్లోకి వెళ్లి ఈ ఏర్పాటు గురించి అత్తయ్యకి గొప్పగా చెప్పాను. ఆవిడ అట్లకాడ పెనం మీదే వదిలేసింది.

"ఎవరిని రమ్మన్నావు?"

"కంపెనీ మనిషిని. వచ్చేస్తుంటాడు."

"ఒరేయ్ చంద్రం, నీకున్న బుర్ర అంతా ఆఫీసులోనే దించి వస్తావా? కొంచెం ఇంటికి కూడా తెచ్చుకోరా."

"నేనేం చేశాను?"

"ఆ పాత కారుకి ఏ రోగమూ లేదురా, పొయ్యేముందు తప్ప. తెల్లారగానే సెల్ఫ్ మోటారు తీగ మీ మామయ్యే ఊడదీసేవారు."

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. అత్తయ్య మంట తగ్గించి చెప్పింది. మొదట్లో ఒకరోజు మామయ్య లక్ష్మయ్యని లోపలికి పిలిచి టిఫిన్ తినమన్నాడట. వేషాలు లేని రోజులు. "ఇప్పుడే తిని వచ్చిన సార్" అని లక్ష్మయ్య పొట్ట నిమురుకున్నాడట, ఆ మాట అంటుండగానే కళ్లు తిరిగి గేటు పట్టుకున్నాడట. అయినా లోపలికి రాలేదు. మర్నాడు కారు నిజంగానే మొరాయిస్తే అతనే వచ్చి తోశాడు. తోశాక ఆకు ముందు కూర్చోమంటే మాట్లాడకుండా కూర్చుని కడుపునిండా తిన్నాడు.

"వాళ్లు ఆర్టిస్టులురా. ఊరికే పెడితే తినరు, పని చేసి తింటారు. అందుకే మీ మామయ్య వాళ్లకి పని కల్పించారు" అంది అత్తయ్య. "ఇప్పుడు నీ కంపెనీవాడు వచ్చి కారు బాగుందని అందరి ముందూ చాటాడంటే రేపట్నుంచి ఒక్కరు ఈ గడప తొక్కరు. వాళ్లు రాకపోతే ఈయన ముద్ద ముట్టరు."

బాజావాళ్ల మొదటి బంతి, ఎత్తుకి పెట్టిన కారు, ఆకుపచ్చ వీపు వినాయకుడు, అన్నీ ఒక్కసారిగా నా బుర్రలోకి వచ్చాయి. ఇంటికి ఎప్పుడూ తీసుకురాని బుర్ర కాబట్టి చోటు బాగానే దొరికింది. మామయ్య మీద పట్టరాని ప్రేమ వచ్చింది. సరిగ్గా అప్పుడే వీధిలోంచి పృథ్వీరాజ్ గొంతు వినిపించింది, నేను కోరినట్టే గట్టిగా.

నేను వెళ్లేసరికి లక్ష్మయ్య బృందం కారు వెనక చేతులు ఆనించి సిద్ధంగా ఉంది. మామయ్యని దించి పృథ్వీరాజ్ లోపల కూర్చున్నాడు. తాళం తిప్పాడు. వినాయకుడికి దణ్ణం పెట్టి, ఆయన్ని మర్యాదగా పక్కకి జరిపాడు.

"సార్, బండికి ఏం కాలేదు. లైటు వెలుగుతనే ఉంది. ఇది స్టార్ట్ అయి..."

మామయ్య ముఖంలో రక్తం లేదు. ఆయన లక్ష్మయ్య వైపు చూడలేక గేటు వైపు చూస్తున్నాడు.

"కాలేదు!" అని అరిచాను.

పృథ్వీరాజ్‌ని రెక్క పట్టుకుని బయటికి లాగి నేను కూర్చున్నాను. "ఇదిగో, చూడు, తిప్పుతున్నాను, ఏమీ లేదు."

"లైటు ఉంది కద సార్."

"అది లైటు కాదు, రిఫ్లెక్షన్."

"ఇప్పుడే నేను తిప్పితే మంచిగ అయింది సార్."

"నీ చేతిలో పని చేస్తుంది, నా చేతిలో చెయ్యదు. మా ఆఫీసులో రోజూ ఇదే గొడవ, నీకు తెలీదు." ఇంకా బలం చాలదేమో అనిపించింది. స్టీరింగ్ మీద తల బాదుకున్నాను. "అయ్యో, ఎంత ఆశపడి కొన్నాను, నా బతుకిలా అయిపోయిందే" అన్నాను. కన్నీళ్లు రాకపోతే కళ్లు నలుపుకున్నాను. ఒక భుజం అదే పనిగా కదిపాను, ఏడుస్తున్నట్టు ఉంటుందని.

కిటికీ దగ్గరికి లక్ష్మయ్య వచ్చి వంగాడు. నా చెవిలో చాలా మర్యాదగా అన్నాడు.

"సార్, జర తగ్గించుండ్రి. ఓవర్ అయితున్నది."

"ఏంటి?"

"యాక్టింగ్. గింత అక్కర్లే. మేమందరం ఇన్నొద్దుల సంది సాఫీగ నడిపిస్తున్నం."

నా భుజం కదలడం ఆగిపోయింది.

"మీకు... లైటు సంగతి తెలుసా?"

"మొదటి పొద్దే కనబడ్డది సార్. దేవుని వీపు ఊకె మెరుస్తదా?"

"మరి రోజూ తోస్తున్నారు?"

"ఏడ తోస్తున్నం? చెయ్యి ఆనిస్తున్నం గంతే. గీ ఎత్తుల బండి తోసే ఓపికుంటే ఫైటర్ల యూనియన్ల జేరకపోతుంటిమా?"

"తెలిసి కూడా ఎందుకు వస్తున్నారు లక్ష్మయ్యా?"

ఆయన మామయ్య వైపు ఒకసారి చూసి గొంతు ఇంకా తగ్గించాడు. "ఆయన ప్రొడక్షన్ మేనేజర్ సార్. యూనిట్‌కు పెట్టంది తిన్న మనిషి కాదు. ఇప్పుడు ఆయనకు షూటింగుల్లేవు, యూనిట్ లేదు. మేం గూడ రాకపోతే ఆ ముసలాయన ఎట్ల తింటడు? పాపం అనిపించి వస్తున్నం." నిజాయితీగా ఇంకో మాట కలిపాడు. "మాకు గూడ ఆకలైతది, అది వేరే ముచ్చట. గీ సంగతి సార్‌కు ఎరుక చెయ్యకుండ్రి, నొచ్చుకుంటడు."

నేను ఎవరికీ ఏమీ ఎరుక చేసే స్థితిలో లేను. లక్ష్మయ్య లేచి నిలబడి, కానిస్టేబుల్ గొంతుతో పృథ్వీరాజ్‌ని పిలిచాడు.

"ఓ సారూ, బండి మీ కంపెనీదే గదా, మీరు గూడ ఓ చెయ్యెయ్యిండ్రి."

పృథ్వీరాజ్ నా వైపు చూశాడు, వినాయకుడి వైపు చూశాడు, టై భుజం మీదికి వేసుకుని వెనక చేరాడు. మామయ్య ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. "ఊఁ, గట్టిగా" అని కేకేశాడు. కొమురమ్మ పాట అందుకుంది. వెనక అందరూ మూలుగుతున్నారు. నిజంగా తోస్తున్నవాడు పృథ్వీరాజ్ ఒక్కడే. నేను కాలు మెత్తగా ఆనించాను. ఏ శబ్దమూ లేదు, వణుకూ లేదు, గోడలు మాత్రం వెనక్కి నడుస్తున్నాయి. జీవితంలో మొదటిసారి నేను ఓవర్ చెయ్యకుండా కిటికీలోంచి తల బయటపెట్టి, "చాలు చాలు, అందుకుంది" అన్నాను.

వరండాలో ఆకులు పడ్డాయి. పృథ్వీరాజ్ మొహమాటంగా చివర కూర్చుని, మొదటి పెసరట్టు తిని, రెండోది తిని, మూడోదానికి ఆకు కొద్దిగా ముందుకి జరిపాడు. మామయ్య అది గమనించాడు.

"ఎక్కడుంటావు బాబూ?"

"మోతీనగర్‌ల, రూమ్‌ల సార్."

"వంట?"

"పొద్దున ఏముండదు సార్. డ్యూటీకి లేటైతది."

మామయ్య అల్లప్పచ్చడి గిన్నె అతని వైపు తోశాడు. పృథ్వీరాజ్ తిని చెయ్యి కడుక్కుని, టై సర్దుకుని, గేటు దాకా వెళ్లి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగి వచ్చాడు.

"సార్, ఈ ప్రాబ్లమ్ రేపు గూడ వస్తదా?"

"తప్పకుండా వస్తుంది బాబూ" అన్నాడు మామయ్య. "పొద్దున్నే వచ్చెయ్."